కలప వ్యాపారి విలియం బోయింగ్

మేడ్చల్, శామీర్‌పేట వైపు స్థిరపడిన మన సభ్యులకు విమానం చప్పుడు కొత్త కాదు. హకీంపేట, దుండిగల్ నుంచి లేచే వాయుసేన శిక్షణ విమానాలు పొద్దున కాఫీ వేళకే నెత్తిమీద తిరుగుతుంటాయి. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన వారికి బోయింగ్ పేరూ పరిచితమే. అది ఒక మనిషి ఇంటిపేరని మాత్రం చాలామందికి తట్టదు. మా మనవడు అడిగినందువల్ల చదివి తెలుసుకున్న ఆయన జీవిత విశేషాలను ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను.

విలియం బోయింగ్ 1881 అక్టోబరు 1న డెట్రాయిట్‌లో జన్మించారు. తండ్రి జర్మనీ నుంచి వలస వచ్చి కలప, ఇనుప ఖనిజం భూములతో ధనవంతుడైనవారు. కుమారునికి ఎనిమిదేళ్ళప్పుడే, 1890లో, కన్నుమూశారు. విలియం యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతూ 1903లో మధ్యలోనే మానేసి, పడమటి తీరానికి వెళ్ళి కలప వ్యాపారంలో బాగా గడించారు.

1910లో లాస్ ఏంజెలెస్ విమాన ప్రదర్శనకు వెళ్ళి, ఒక్కసారి ఎక్కించమని అడిగి ఎంత ఎదురుచూసినా ఆయన కోరిక తీరలేదు. 1915లో తానే విమానం నడపడం నేర్చుకుని, నీటిమీద దిగే విమానం ఒకటి కొన్నారు. అది దెబ్బతింటే విడిభాగాలకు నెలలు పడుతుందన్నారు. దానితో నౌకాదళ ఇంజనీరు, మిత్రుడు వెస్టర్‌వెల్ట్‌తో కలిసి సొంతంగా తయారీకి పూనుకున్నారు. 1916 జూన్ 15న వారి మొదటి విమానం సియాటిల్‌లో సరస్సు మీదినుంచి లేచింది. పైలట్ రావడం ఆలస్యమైతే బోయింగే నడిపారు! మరుసటి నెలలోనే కంపెనీ రిజిస్టరయింది. వాంగ్ సూ అనే చైనా ఇంజనీరు రూపొందించిన విమానాలను నౌకాదళం 50 దాకా కొన్నది.

మొదటి ప్రపంచయుద్ధం ముగియగానే ఆర్డర్లు ఆగిపోయాయి. కార్మికులు బల్లలు, బీరువాలు, పడవలు చేశారు. అయినా నష్టమే. బోయింగ్ తన సొంత డబ్బు వేసి జీతాలు ఇచ్చారు. ఒకటో తారీఖున జీతం చేతికి రాకపోతే ఇల్లెలా గడుస్తుందో ఎరిగిన మనకు ఈ ఒక్క సంగతి చాలు, ఆ మనిషి మీద గౌరవం కలగడానికి.

1927లో షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య విమాన టపా కాంట్రాక్టు ఆయనకు దక్కింది. అక్కడినుంచి దశ తిరిగింది. తయారీ, ఇంజన్లు, టపా, ప్రయాణికుల రవాణా అన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 1933లో పదిమంది కూర్చునే 247 విమానం ఎగిరింది.

అంతలోనే పిడుగు పడింది. టపా కాంట్రాక్టులు ఇచ్చిన తీరుపై సెనేట్ విచారణ జరిగింది. 1934 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వాటిని రద్దు చేశారు. తయారీ, రవాణా ఒకే చేతిలో ఉండరాదని చట్టం వచ్చి, ఆ సంస్థ మూడు ముక్కలైంది. విభజన సబబే అని నా అభిప్రాయం. కానీ 18 ఏళ్ళు పెంచిన మనిషికి అది ఎంత కష్టంగా తోచిందో! అదే ఏడాది ఆయన పదవి వదిలి, వాటాలన్నీ అమ్మేశారు. అప్పటికి 52 ఏళ్ళు. మనలాగా వయసు నిండి, పూలదండలతో బయటకు వచ్చింది కాదు.

తరువాత మేలుజాతి గుర్రాలు పెంచారు, పడవ మీద సముద్రయానాలు చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో మాత్రం కంపెనీకి సలహాదారుగా తోడ్పడ్డారు. 1954 మే 14న, 707కు మాతృక అయిన జెట్ విమానం షెడ్డు నుంచి బయటకు వచ్చినప్పుడు దంపతులిద్దరినీ పిలిచారు. నామకరణం ఆయన భార్య బెర్తా చేతులమీదుగా జరిగింది.

1956 సెప్టెంబరు 28న, 75 నిండడానికి మూడు రోజుల ముందు, ఆయన తన పడవలోనే మరణించారు. 707లు 1960లో ఎయిరిండియాకు వచ్చాయి. 2018లో మన ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి కర్మాగారం మొదలైంది. 737 విమానం తోకమీది నిలువు రెక్కలు 2023లో అక్కడినుంచే అమెరికా బయలుదేరాయి.