జోసెఫిన్ బేకర్

జోసెఫిన్ బేకర్ (1906 జూన్ 3 - 1975 ఏప్రిల్ 12) అమెరికాలో జన్మించి ఫ్రాన్సు పౌరసత్వం స్వీకరించిన సుప్రసిద్ధ గాయని, నర్తకి, సినిమా నటి. పూర్తి నిడివి చలనచిత్రంలో ప్రధాన పాత్ర ధరించిన తొలి నల్లజాతి స్త్రీగా ఈమెను పేర్కొంటారు. 1925లో పారిస్ రంగస్థలంపై అడుగుపెట్టిన ఈమె, సుమారు యాభై సంవత్సరాల తరువాత అదే నగరంలో ప్రదర్శనలిస్తూ కన్నుమూసింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి ప్రతిఘటనోద్యమానికి రహస్యంగా పనిచేసింది. అమెరికాలో వర్ణవివక్షకు వ్యతిరేకంగా పోరాడింది. ఆఫ్రికా స్త్రీని అడవిమనిషిగా చూపించే వేషంతో మొదలైన కీర్తిని క్రమక్రమంగా తన సొంత గొంతుకు, తన సొంత మాటకు ఆధారంగా మార్చుకోవడం ఈమె జీవితంలో ప్రధానమైన విశేషం.

బాల్యం

జోసెఫిన్ అసలు పేరు ఫ్రీడా జోసెఫిన్ మెక్‌డొనాల్డ్. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్ నగరంలో నిరుపేద కుటుంబంలో జన్మించింది. తల్లి క్యారీ మెక్‌డొనాల్డ్ ఇళ్ళలో బట్టలుతికి కుటుంబాన్ని పోషించేది. జోసెఫిన్ ఎనిమిదేళ్ళ వయసునుండే శ్వేతజాతివారి ఇళ్ళలో పనికి కుదిరింది. 1917 జూలైలో మిసిసిపీ నదికి ఆవలి ఒడ్డున ఉన్న ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నల్లజాతివారిపై ఘోరమైన దాడులు జరిగాయి. ఇళ్ళు తగలబడి, ప్రాణాలు అరచేత పట్టుకొని వంతెన దాటి వచ్చిన జనం ఆమె మనసులో చెరగని ముద్ర వేశారు. తరువాతి కాలంలో తన ప్రసంగాలలో ఆమె ఈ సంఘటనను పలుమార్లు ప్రస్తావించింది.

పదమూడేళ్ళకే ఆమెకు మొదటి వివాహం జరిగింది. అది ఎంతో కాలం నిలువలేదు. 1921లో విల్లీ బేకర్‌ను వివాహమాడింది. ఆ బంధం కూడా త్వరలోనే ముగిసినా, బేకర్ అనే ఇంటిపేరును మాత్రం జీవితాంతం ఉంచుకుంది.

రంగస్థల ప్రవేశం

అప్పట్లో న్యూయార్కులో నోబుల్ సిసిల్, యూబీ బ్లేక్ సంగీతం సమకూర్చిన "షఫుల్ అలాంగ్" అనే నాటకం విశేష ప్రజాదరణ పొందింది. ఇందులో నటులు, రచయితలు, సంగీతకారులు అందరూ నల్లజాతివారే. వయసు చాలదని మొదట జోసెఫిన్‌ను తిరస్కరించినా, తరువాత ఊరూరా తిరిగే బృందంలో ఆమెకు చోటు లభించింది. వరుసలో చిట్టచివర నిలబడి, అడుగులు మరచినట్లు తడబడుతూ, కళ్ళు తిప్పుతూ నవ్వించడం, చివరకు అందరికంటె మిన్నగా ఆడి ఆశ్చర్యపరచడం ఆమె ప్రత్యేకత. 1924లో "చాకొలెట్ డాండీస్" నాటకంలోనూ ఇటువంటి హాస్యపాత్రనే ధరించింది.

పారిస్‌లో తొలి విజయాలు

1925లో క్యారొలిన్ డడ్లీ అనే నిర్వాహకురాలు పారిస్‌కు ఒక నల్లజాతి కళాకారుల బృందాన్ని తీసుకువెళ్ళింది. క్లారినెట్ విద్వాంసుడు సిడ్నీ బెషే కూడా ఇందులో సభ్యుడు. అక్టోబరు 2న షాంజెలిజే థియేటరులో "లా రెవ్యూ నెగ్ర్" ప్రదర్శన ప్రారంభమైంది. సంగీతం, నృత్యం, హాస్య ఘట్టాలు కలగలిసిన ప్రదర్శనను రెవ్యూ అంటారు. చివరి ఘట్టంలో జో అలెక్స్‌తో కలిసి జోసెఫిన్ దాదాపు వివస్త్రగా చేసిన నృత్యం పారిస్‌లో సంచలనం సృష్టించింది. 19 ఏళ్ళ ఈ యువతి రాత్రికి రాత్రే నగరమంతటా చర్చనీయాంశమయింది. చిత్రకారుడు పాల్ కోలిన్ గీసిన ప్రచార చిత్రాలు ఆమె రూపాన్ని మరింత ప్రసిద్ధం చేశాయి.

మరుసటి సంవత్సరం "ఫోలీ బెర్జేర్" అనే పేరుగాంచిన నాట్యశాలలో, కృత్రిమ అరటిపండ్లు గుచ్చిన పొట్టి లంగా ధరించి నర్తించింది. ఈ వేషమే ఆమెకు జగత్ప్రసిద్ధి తెచ్చింది. అయితే దీని వెనుక ఒక వైరుధ్యం ఉంది. ఫ్రాన్సు అప్పటికి ఆఫ్రికాలో విశాలమైన వలస సామ్రాజ్యాన్ని ఏలుతున్నది. ఆఫ్రికా అంటే అడవి, ఆఫ్రికా స్త్రీ అంటే అడవిమనిషి అనే ఊహకు ఆ నృత్యం సరిపోయింది. కాని జోసెఫిన్ ఆఫ్రికాలో పుట్టలేదు. ఆమె అమెరికా నగరంలో పెరిగిన యువతి. ఆమె అడుగులు ఆనాటి అమెరికా జాజ్ నృత్యాలకు చెందినవి. మధ్యమధ్య మెల్లకన్ను పెట్టి, వెక్కిరింపు ముఖంతో ఆ ఊహనే ఆమె ఎగతాళి చేసిందని కొందరు విమర్శకులు భావిస్తారు. ఆ ఊహకు ఆమె లొంగిపోయిందని మరికొందరి అభిప్రాయం.

గాయనిగా ఎదుగుదల

1926లోనే ఆమె పాటలు గ్రామఫోను రికార్డులుగా వెలువడ్డాయి. కాని మొదట్లో ఆమె గొంతు సన్నగా, బలహీనంగా ఉండేది. ఆమెకు సహచరుడు, వ్యవహారకర్త అయిన పెపీతో అబతీనో ఈ లోపాన్ని గుర్తించాడు. వేషం మీద ఆధారపడిన కీర్తి ఎంతో కాలం నిలువదని తలచి, సంగీతం, ఫ్రెంచి భాష, అభినయం ఆమెకు నేర్పించే ఏర్పాట్లు చేశాడు. 1928 నుండి ఐరోపా, దక్షిణ అమెరికా దేశాలలో ఆమె పర్యటించింది. వియన్నాలో మతవర్గాలు ఆమె ప్రదర్శనలను వ్యతిరేకించాయి. మ్యూనిక్‌లో ప్రదర్శనకు అనుమతి లభించలేదు.

1930లో పారిస్‌లోని "కసీనో ద పారీ" వేదికపై ఆమె కొత్త రూపంలో కనిపించింది. విన్సెంట్ స్కోతో స్వరపరచిన "జె దూజామూర్" అనే పాటను అక్కడే మొదట పాడింది. ఈ పేరుకు నాకు రెండు ప్రేమలు అని అర్థం. ఒకటి స్వదేశం, రెండవది పారిస్. ఈ పాట ఆమెకు జీవితాంతం గుర్తింపు చిహ్నంగా నిలిచిపోయింది. 1934లో ఓఫెన్‌బాక్ రచించిన "లా క్రియోల్" అనే సంగీత నాటకంలో ప్రధాన పాత్రను పాడి, నటించి మెప్పించింది. దీనితో ఆమె కేవలం నర్తకి కాదని, గాయని కూడా అని పారిస్ అంగీకరించింది.

సినిమాలు

ఆమె సినిమాల సంఖ్య తక్కువే. ముఖ్యమైనవి ఇవి:

- సైరన్ ఆఫ్ ది ట్రాపిక్స్ (1927) - మూకీ చిత్రం. ప్రధాన పాత్ర.
- జూజూ (1934) - ప్రఖ్యాత ఫ్రెంచి నటుడు జాన్ గాబిన్‌తో కలిసి నటించింది. బట్టలుతికే యువతి రంగస్థల తారగా ఎదిగే కథ.
- ప్రిన్సెస్ తామ్ తామ్ (1935) - టునీసియాలోని ఒక పేద యువతిని ఫ్రెంచి రచయిత రాకుమారిగా పరిచయం చేసే కథ.

ఈ చిత్రాలలో కథానాయిక ఆమే అయినా, కథానాయకుడి ప్రేమ ఆమెకు దక్కదు. ప్రేక్షకులు ఆమెను ఆరాధించినా, తెరమీద నల్లజాతి స్త్రీకి శ్వేతజాతి నాయకునితో పెళ్ళి జరిపించడానికి ఆనాటి సినిమా సిద్ధంగా లేదు.

అమెరికాలో ఎదురుదెబ్బ

1936లో "జీగ్‌ఫెల్డ్ ఫాలీస్" ప్రదర్శనలో నటించడానికి ఆమె న్యూయార్కు వెళ్ళింది. అక్కడి పత్రికలు కఠినంగా విమర్శించాయి. ఐరోపాలో రాజభవనాల్లో సైతం ఆహ్వానం పొందిన ఆమెకు పుట్టిన దేశంలో హోటళ్ళలో అవమానాలు ఎదురయ్యాయి. అదే సంవత్సరం పెపీతో మరణించాడు. ఆమె పారిస్‌కు తిరిగివచ్చి, 1937 నవంబరు 30న జాన్ లియాన్ అనే ఫ్రెంచి వ్యాపారిని వివాహం చేసుకొని ఫ్రాన్సు పౌరురాలయింది.

రెండవ ప్రపంచ యుద్ధం

1939లో యుద్ధం ప్రారంభం కాగానే ఫ్రెంచి సైనిక గూఢచార విభాగానికి చెందిన జాక్ అబ్తే ఆమెను తమ పనికి చేర్చుకున్నాడు. ప్రసిద్ధ తార కావడం వలన రాయబార కార్యాలయాల విందులకు ఆమెకు ఆహ్వానాలు అందేవి. అక్కడ విన్న విషయాలను ఆమె చేరవేసేది. ఫ్రాన్సు ఓటమి తరువాత, జర్మన్లు ఆక్రమించిన పారిస్‌లో పాడడానికి ఇష్టపడక దోర్దోన్ ప్రాంతంలోని మిలాండ్ కోటలో నివసించింది. 1940 చివరలో అబ్తే ఆమె కార్యదర్శి వేషంలో ఆమెతో కలిసి లిస్బన్ నగరానికి ప్రయాణించాడు. సేకరించిన సమాచారాన్ని కంటికి కనిపించని సిరాతో ఆమె పాటల స్వరపత్రాలపై వ్రాసి తీసుకువెళ్ళారు. పెద్ద తార సామానును సరిహద్దులలో ఎవరూ క్షుణ్ణంగా సోదా చేసేవారు కాదు.

1941లో ఉత్తర ఆఫ్రికా చేరిన ఆమె, కాసాబ్లాంకాలో తీవ్రమైన అనారోగ్యంతో సుమారు ఏడాదిన్నర ఆసుపత్రిలో గడిపింది. కోలుకున్న తరువాత ఉత్తర ఆఫ్రికా, మధ్యప్రాచ్య దేశాలలో మిత్రరాజ్యాల సైనికులకు ప్రతిఫలం లేకుండా ప్రదర్శనలిచ్చింది. డిగాల్ బహూకరించిన బంగారు లొరేన్ శిలువను వేలం వేయించి, ఆ సొమ్మును ప్రతిఘటనోద్యమానికి ఇచ్చింది. వైమానిక దళపు మహిళా సహాయక విభాగంలో సెకండ్ లెఫ్టినెంటు హోదా పొందింది. 1946లో ప్రతిఘటనోద్యమ పతకం, తరువాత క్రా ద గేర్, లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారాలు ఆమెకు లభించాయి.

వర్ణవివక్షపై పోరాటం

1951లో అమెరికా పర్యటనకు వెళ్ళినప్పుడు, ప్రేక్షకులను జాతిని బట్టి వేరు చేసే చోట పాడనని ఆమె షరతు విధించింది. మయామీ నగరంలోని ఒక ప్రసిద్ధ క్లబ్బు ఈ షరతుకు అంగీకరించడంతో, అక్కడ నల్లజాతివారు ఇతరులతో సమానంగా కూర్చుని ఆమె పాట విన్నారు. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. ఆ సంవత్సరం మే 20వ తేదీని జోసెఫిన్ బేకర్ దినంగా ప్రకటించి, న్యూయార్కులోని హార్లెమ్‌లో ఘనంగా ఊరేగించింది.

అదే సంవత్సరం అక్టోబరులో న్యూయార్కులోని స్టార్క్ క్లబ్బులో తనకు వడ్డించకుండా అవమానించారని ఆమె బహిరంగంగా ఆరోపించింది. ఈ వివాదంలో పలుకుబడి గల పాత్రికేయుడు వాల్టర్ వించెల్ ఆమెను కమ్యూనిస్టు సానుభూతిపరురాలిగా చిత్రించాడు. కార్యక్రమాలు రద్దయ్యాయి, వీసా కూడా రద్దయింది. ఆ తరువాత అనేక సంవత్సరాలు అమెరికాలో ఆమెకు అవకాశాలు కరువయ్యాయి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో జరిగిన చారిత్రాత్మక ప్రదర్శనలో, తన ఫ్రెంచి సైనిక దుస్తులు, పతకాలు ధరించి ఆమె ప్రసంగించింది. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన ఆ వేదికపై మాట్లాడిన బహు కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు.

కుటుంబం, అప్పులు

1947లో వాద్యబృంద నిర్వాహకుడు జో బూయాన్‌ను వివాహం చేసుకొని, మిలాండ్ కోటను కొనుగోలు చేసింది. 1950ల మధ్య నుండి జపాన్, ఫిన్లాండ్, కొలంబియా, అల్జీరియా, ఐవరీ కోస్ట్, వెనిజులా మొదలైన దేశాలకు చెందిన పిల్లలను దత్తత తీసుకుంది. మొత్తం పన్నెండుమందిలో పదిమంది మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. వీరిని ఇంద్రధనుస్సు తెగ అని పిలిచేది. వేరువేరు జాతులవారు, మతాలవారు సోదరభావంతో జీవించగలరని లోకానికి చూపించడం ఆమె ఆశయం. అయితే పిల్లలను సందర్శకుల ముందు ప్రదర్శన వస్తువులుగా ఉంచిందనే విమర్శ కూడా ఉంది.

కోట నిర్వహణ, పెద్ద సంసారం, అదుపులేని ఖర్చు ఆమెను అప్పులలో ముంచాయి. 1956లో రంగస్థలం నుండి విరమిస్తున్నట్లు ప్రకటించినా, 1959లో "పారీ మెజామూర్" ప్రదర్శనతో తిరిగి రావలసివచ్చింది. 1968లో కోట వేలానికి వెళ్ళింది. మరుసటి ఏడాది ఆమెను బలవంతంగా ఖాళీ చేయించారు. అప్పుడు మొనాకో యువరాణి గ్రేస్ ఆమెను ఆదుకొని, మొనాకో సమీపంలోని రోక్‌బ్రూన్‌లో ఇల్లు ఏర్పరచుకోవడానికి సహాయం చేసింది.

చివరి రోజులు

1973లో న్యూయార్కులోని కార్నెగీ హాలులో ఆమె ప్రదర్శనకు అపూర్వ స్వాగతం లభించింది. 1936లో తిరస్కరించిన నగరమే ఈసారి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 1975 ఏప్రిల్ 8న పారిస్‌లోని బొబినో థియేటరులో, ఆమె యాభై ఏళ్ళ కళాజీవితాన్ని పాటలతో చూపే ప్రదర్శన ప్రారంభమైంది. పత్రికలు ముక్తకంఠంతో ప్రశంసించాయి. కొద్దిరోజులలోనే మెదడులో రక్తస్రావం వలన స్పృహ కోల్పోయి, ఏప్రిల్ 12న ఆమె మరణించింది. అప్పటికి ఆమె వయసు 68 సంవత్సరాలు. పారిస్‌లోని మాదలీన్ చర్చిలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. వేలాది ప్రజలు వీధులలో నిలిచి నివాళులర్పించారు. మొనాకోలో ఆమెను సమాధి చేశారు.

గుర్తింపు

1991లో ఆమె జీవితం ఆధారంగా అమెరికాలో ఒక టెలివిజన్ చిత్రం వెలువడింది. 2021 నవంబరు 30న ఫ్రాన్సు ప్రభుత్వం పారిస్‌లోని పాంథియోన్ స్మారక భవనంలో ఆమెకు స్థానం కల్పించింది. ఫ్రాన్సు తన మహనీయులను గౌరవించే ఈ భవనంలో స్థానం పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమె. ఆమె భౌతికకాయం మొనాకోలోనే ఉండగా, సెయింట్ లూయిస్, పారిస్, మిలాండ్, మొనాకోల నుండి తెచ్చిన మట్టిని శవపేటికలో ఉంచి పాంథియోన్‌కు తీసుకువచ్చారు. ఫ్రాన్సు పౌరసత్వానికి కారణమైన ఆమె వివాహం జరిగి ఆ రోజుకు 84 సంవత్సరాలు.