మౌలాలి కొండ క్రింద మహలఖాబాయి

చార్మినారు నీడలో నిలిచి చూచేవారికి హైదరాబాదు పూర్తిగా బ్రతికి ఉన్నవారి నగరంగా తోస్తుంది. లాడ్ బజారులో గాజుల తళుకు, అత్తరు దుకాణాల పరిమళం, తెల్లవారింది మొదలు ఆగని జనసందోహం అలా అనిపిస్తవి. కాని పోయినవారిని ఇంతగా తలచుకొనే నగరాలు కూడ అరుదే. 1591లో చార్మినారును నిలిపిన మహమ్మదు కులీ కుతుబుషాయే దానికి చేరువలో బాదుషాహీ అషూర్ఖానాను కట్టించి, కర్బలాలో అమరుడైన హుసేనును తలచి కన్నీరు విడవడానికి ప్రజలకు ఒక చోటు కల్పించినాడు. తాను స్వయంగా మర్సియాలనే శోకగీతాలు రచించినాడు. పోయినవారిని నలుగురిలో నిలిచి, గొంతెత్తి స్మరించడం ఆనాటినుండి ఈ నగరానికి అలవాటైన ధర్మం.

అయితే ఆ ధర్మాన్ని ఎవరు నెరవేర్చవచ్చును? రాజు నెరవేరిస్తే భక్తి అన్నారు. నవాబు నెరవేరిస్తే వంశగౌరవమన్నారు. ఆటపాటలు వృత్తిగా గల స్త్రీ అదే పని చేస్తే ఏమనాలి? మహలఖాబాయి చందా జీవితకథ చదివిన ప్రతివారికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఆమె గానాన్నీ కవితనూ అభిమానించే వారిలోనే దీనిపై ఏకాభిప్రాయం లేదు. ఆమె తన మృతులకు సమర్పించిన నివాళి నిజమైన ఆర్తియని కొందరంటారు. దర్బారులో తన స్థానాన్ని చాటుకొనే ఆడంబరమని మరికొందరంటారు. తీర్పు చెప్పేముందు ఆమె కథ వినడం న్యాయం.

మహలఖా 1768లో జన్మించినది. తల్లి రాజ్ కువర్ బాయి నాట్యగానాలలో నేర్పరి. తండ్రి బహాదుర్ ఖాన్ మొగలుల కొలువులో మన్సబుదారు. ఆ కుటుంబకథను గులాం హుసేన్ ఖాన్ జౌహర్ పారశీకంలో రచించిన చరిత్రగ్రంథం చెబుతున్నది. మాతామహి గుజరాతు ప్రాంతంలో గృహిణిగా బ్రతికిన స్త్రీ. భర్త విడిచిపోగా ఆమె బిడ్డలతో దిక్కులేనిదయినది. ఆకలికి ఓర్వలేని ఆ ఇంటి ఆడపిల్లలు ఆటగాండ్ర బృందంలో చేరి పాట నేర్చినారు, ఆట నేర్చినారు. వారిలో ఒకతె రాజ్ కువర్. ఊరూరా తిరిగి, సైన్యపు విడుదుల వెంట నడచి, కడకు ఆమె దక్కను చేరుకొన్నది.

ఆమె గర్భవతిగా ఉండి మౌలాలి కొండను దర్శించవచ్చినప్పుడు గర్భానికి ముప్పు వాటిల్లినదట. వెంట ఉన్న చిత్రకారుడు తజల్లీ అలీషా కొండపై దర్గానుండి దారమూ ధూపభస్మమూ తెచ్చి ఇచ్చినాడనీ, బిడ్డ నిలిచినదనీ ఐతిహ్యం. ఆ బిడ్డయే చందాబీబీ. అందుచేత ఆమెకు ఆ కొండ ఒట్టి పుణ్యక్షేత్రం కాదు. ప్రాణం పోసిన చోటు.

ఇక్కడ మౌలాలి సంగతి కొంత చెప్పుకోవాలి. చార్మినారునుండి మూసీ దాటి ఈశాన్యంగా నాలుగు క్రోసులు పోతే ఆ గుండ్రని రాతికొండ కనిపిస్తుంది. 1578లో, ఇబ్రహీం కుతుబుషా కాలంలో, యాకూత్ అనే అంతఃపుర సేవకునికి స్వప్నంలో హజ్రత్ అలీ దర్శనమిచ్చినాడనీ, అతడు మేల్కొని చూడగా కొండరాతిపై హస్తముద్ర కనిపించినదనీ ప్రతీతి. ఆ ముద్ర ఉన్నచోట దర్గా వెలసినది. రజబు నెలలో జరిగే ఉర్సుకు నగరం నగరమే కదలివెళ్లేది. కుతుబుషాహీల తరువాత అసఫ్‌జాహీలు కూడ ఆ కొండను గౌరవించినారు.

చందా బాల్యం ఐశ్వర్యంలో గడచినది. అక్క మెహతాబ్ కువర్‌ను నిజాము దివాను రుకునుద్దౌలా చేపట్టినాడు. ఆ ఇంట చెల్లెలు బిడ్డవలె పెరిగినది. గ్రంథాలు అందుబాటులో ఉండేవి, గురువులు వచ్చిపోయేవారు. 1775లో రుకునుద్దౌలా హత్యకు గురియైనాడు. అప్పటికి ఆమెకు ఏడేండ్లు. ఆశ్రయమిచ్చిన చెట్టు కూలినా ఆమె చదువు ఆగలేదు. కలావంతుల సంప్రదాయానికి చెందిన ఖుష్‌హాల్ ఖాన్ అనూప్ ఆమెకు సంగీతం నేర్పినాడు. గుర్రపుస్వారీ, విలువిద్య కూడ ఆమెకు అలవడినవి. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ దండయాత్రలకు పోయినప్పుడు పురుషవేషంలో గుర్రమెక్కి వెంట నడచినదని ప్రసిద్ధి.

చందాబీబీని మహలఖాబాయిని చేసినది ఆ నిజామే. చంద్రముఖి అని ఆ బిరుదుకు అర్థం. బిరుదుతోబాటు జాగీరులు వచ్చినవి, అంగరక్షక దళం వచ్చినది, ఉమరావులతో సమానంగా దర్బారులో స్థానం దొరికినది. అడిక్‌మెట్ ఆమె జాగీరులలో ఒకటి. ఆ భూములలోనే తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినదని చెబుతారు. నిజాం అలీఖాన్ 1803లో మరణించగా సికందర్ జా గద్దెనెక్కినాడు. ప్రభువు మారినా ఆమె ప్రతిష్ఠ తగ్గలేదు. 1804లో దివానైన మీర్ ఆలం, పేష్కారు చందూలాల్ వంటి ఘనులు ఆమె విద్వత్తును ఆదరించినారు.

ఇంతటి వైభవంలో ఉన్న స్త్రీ తన ధనాన్ని దేనికి వెచ్చించినది? 1792లో ఆమె మౌలాలి కొండ పాదాన తల్లికి సమాధిమందిరం కట్టించినది. చుట్టూ ప్రహరీ, నడుమ తోట, నీటికొలను, ప్రక్కన మసీదు, యాత్రికులు దిగడానికి వసతి ఏర్పరచినది. తల్లి కడుపులోని తనను కాపాడిన కొండ క్రిందనే తల్లిని నిద్రింపజేసినది.

రెండవ నివాళి రాతితో కట్టినది కాదు. 1798లో ఆమె తన గజళ్లను దివానుగా కూర్చినది. అందులో 125 గజళ్లున్నవి. ఒక్కొక్క గజలుకు ఐదేసి ద్విపదలు. ఐదు షియాలకు పవిత్రమైన సంఖ్య. ప్రవక్త, ఆయన కుమార్తె, అల్లుడు, ఇద్దరు మనుమలు కలిసి పంచమహనీయులు. ఐదును ఐదుతో, మరల ఐదుతో గుణిస్తే వచ్చేది సరిగా 125. గజలులో ప్రేమను గురించీ మధువును గురించీ విరహాన్ని గురించీ చెప్పుకొనిపోయిన కవయిత్రి, ముగింపు ద్విపదకు వచ్చేసరికి అలీని స్మరించి ఆయన అండ కోరుతుంది. వేడుకసభలో మొదలైన పాట ప్రార్థనగా ముగుస్తుంది.

మూడవది చరిత్ర. మనం పైన చెప్పుకొన్న జౌహర్ గ్రంథం ఆమె కోరికపై వెలువడినదే. మాహ్‌నామా అని దానికి వ్యవహారం. దక్కను ప్రభువుల చరిత్రతోబాటు అందులో ఆమె కుటుంబకథ కూడ చోటుచేసుకొన్నది. భర్త విడిచిన మాతామహి, ఆకలికి పాట నేర్చిన తల్లి, సుల్తానుల పక్కన అక్షరాలకెక్కినారు.

ఆక్షేపించేవారి వాదం ఇక్కడనే బలపడుతుంది. సమాధి కట్టించినది, అందులో తనకూ చోటు ఉంచుకొన్నది. చరిత్ర వ్రాయించినది, అందులో తన పేరు వచ్చేలా చూచుకొన్నది. 1799లో మీర్ ఆలం ఇంట జరిగిన గానసభలో తన దివాను వ్రాతప్రతిని కుంఫిణీ అధికారి జాన్ మాల్కముకు కానుకగా ఇచ్చినది. తన కీర్తి ఎక్కడ నిలుస్తుందో తెలిసినవారి పనులు కావా ఇవి? మృతుల పేర జీవించి ఉన్నవారు వెలగడం లోకంలో క్రొత్త కాదు గదా అని వారి మాట.

ఈ వాదాన్ని కొట్టిపారేయలేము. ఆమెకు కీర్తికాంక్ష లేదనడం భక్తుల అతిశయోక్తి. దర్బారులో ఏ అండా లేక నిలిచిన స్త్రీకి కీర్తియే కోట. కాని ఆక్షేపకులు ఒక సంగతి మరచినారు. గోలకొండ చెంత కుతుబుషాహీలు ఒకరి ప్రక్క ఒకరుగా గుమ్మటాలు కట్టుకొన్నారు. పాతనగరపు ఆగ్నేయాన పైగా నవాబులు సున్నపు నగిషీలతో సమాధులు నిర్మించుకొన్నారు. అవి ఆర్తియా ఆడంబరమా అని మనమెవరమూ అడగము. తండ్రిపేరు గలవానికి తండ్రిని స్మరించే హక్కు పుట్టుకతో వస్తుంది. తల్లిపేరు తప్ప వేరు ఆస్తి లేనివారికి ఆ హక్కు ఎవరిస్తారు? మహలఖా ఆ హక్కును అడుగలేదు. తన ధనంతో, తన గొంతుతో సంపాదించుకొన్నది. ఆ సమాధి శిలలు పలికేది తల్లినుండి బిడ్డకు వచ్చిన వంశాన్ని. అందులో ఆడంబరమున్నా, అది న్యాయమైన ఆడంబరం.

ఈ చిక్కు ఆమె ఒక్కతెదే కాదు. మన కర్ణాటక సంగీతలోకంలో బెంగుళూరు నాగరత్నమ్మ సంగతి తెలుగువారు ఎరుగుదురు. దేవదాసీ కులంలో పుట్టిన ఆ విదుషీమణి 1910లో, ఏనాడో గతించిన ముద్దుపళని కావ్యాన్ని వెలికితెచ్చి అచ్చువేయించినది. అది మృతకవయిత్రికి ఆమె ఇచ్చిన నివాళి. పెద్దలు తప్పుపట్టినారు, ప్రభుత్వం నిషేధించినది, 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి మందిరం కట్టించి 1925లో ప్రతిష్ఠ జరిపించినదీ ఆమెయే. ఆ స్వామి ఆరాధనలో స్త్రీలు పాడరాదన్నప్పుడు, స్త్రీల కోసం వేరే ఆరాధన నడిపినది. 1952లో కన్నుమూసిన పిమ్మట ఆమె సమాధి ఆ స్వామి సన్నిధిలోనే వెలసినది. హైదరాబాదులో ఒక తవాయిఫ్, కావేరీతీరాన ఒక దేవదాసి: ఇద్దరి ధనమూ పాటనుండి వచ్చినదే, ఇద్దరి ధనమూ పోయినవారి పాదాల చెంతకే చేరినది. ఇద్దరినీ లోకం ఒకే ప్రశ్న అడిగినది.

మహలఖాబాయి 1824లో పరమపదించినది. తల్లి ప్రక్కనే ఆమెను సమాధి చేసినారు. ఆ ద్వారంపై చెక్కిన శాసనంలోని అక్షరాల విలువలు కూడితే మరణవత్సరమైన హిజ్రీ 1240 వస్తుంది. జీవితమంతా ఇతరులకు నివాళి చెప్పిన గాయనికి ఆ అక్షరాలు దక్కిన నివాళి. ఆమె దివాను గుల్జారే మహలఖా అనే పేరుతో ఆమె గతించిన తరువాత వెలుగు చూచినది.

ఆ తరువాత చాలా కాలం ఆ తోటను పలకరించినవారు తక్కువ. కలుపు పెరిగినది, కట్టడం శిథిలమయినది. 2011 నాటికి అమెరికా రాయబారి సాంస్కృతిక పరిరక్షణనిధి తోడ్పాటుతో దాన్ని బాగుచేయించినారు. అప్పటినుండి ఆమె పేరు మరల వినిపిస్తున్నది. దానితో మరొక వివాదమూ వినిపిస్తున్నది. ఉర్దూలో దివాను కూర్చిన తొలి మహిళ మహలఖాయేనని అభిమానులు చాలాకాలం చెప్పుకొన్నారు. లుత్ఫున్నిసా ఇంతియాజ్ అనే కవయిత్రి దివాను 1797లోనే, అంటే ఒక్క ఏడాది ముందుగా, పూర్తియైనదని పరిశోధకులు తేల్చినారు. కొందరు అభిమానులకు ఇది నొప్పి కలిగించవచ్చు. కాని అంతగా చింతించనక్కరలేదు. మరచిపోయిన స్త్రీని పేరుపెట్టి పిలవడమే మహలఖా నేర్పిన పని. ఇంతియాజ్ పేరు బయటికి వస్తే ఆ పని సాగినట్లే గాని చెడినట్లు కాదు.

ఇక మొదటి ప్రశ్న మిగిలినది: ఆర్తియా, ఆడంబరమా? ఎవరికి వారు వెళ్లి చూచి నిర్ణయించుకోవచ్చును. చార్మినారునుండి దారి దూరమేమీ కాదు. కొండపైకి పోయే యాత్రికులలో చాలమంది ఆ సమాధిని చూడకనే మెట్లెక్కిపోతారు. చూచినవారికి అక్కడ కనిపించేది ఒక తల్లి, ఆమె ప్రక్కన ఒక బిడ్డ. ఎవరు ఎవరిని స్మరిస్తున్నారో వేరుచేసి చెప్పడం ఇక సాధ్యం కాదు.