కీర్తిశేషులు ఆచార్య సూరి భగవంతముగారు

శంషాబాదు విమానాశ్రయము 2008వ సంవత్సరము మార్చి నెలలో ప్రారంభింపబడినది. హైదరాబాదు పరిసరములందు తయారగు ఔషధములు నేడు అచ్చటినుండి దేశదేశములకు పోవుచున్నవి. ఔషధశాలకు చేరిన ముడిసరకు సంచిమీద వ్రాసిన వస్తువేనా, వేఱొండా యని తెలిసికొనుటకు చేతిలో నిముడు చిన్న యంత్రము కలదు. అది సంచిని విప్పకయే పలుచని పారదర్శకమగు పొరగుండ లోనికి వెలుతురును పంపి, మరలివచ్చిన వెలుతురును పరీక్షించి, వస్తువు పేరు తెలుపును. లోహపు డబ్బాగుండ మాత్రము చూడజాలదు. ఈ విద్యకు తొలినాళ్లలో పాటుపడినవారిలో మన తెలుగువారొకరు కలరు. వారి చరిత్రమును సంగ్రహముగా చదువరులకు నివేదించుచున్నాము.

భగవంతముగారు 1909 అక్టోబరు 14వ తేదీని కృష్ణాజిల్లా ఆగిరిపల్లియందు జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టము పొంది, 1928లో కలకత్తాకేగి చంద్రశేఖర వేంకటరామన్ గారి శిష్యులైరి. రామన్ ఫలితము వెలువడినది ఆ యేటి ఫిబ్రవరియందే. ఒకే వన్నెగల వెలుతురు ఒక పదార్థముపై బడి చెదరునపుడు అందత్యల్పభాగము వన్నె మార్చుకొని వచ్చును. ఆ మార్పు అణువుల కంపనములనుబట్టి కలుగును. కావున మనుష్యునకు వ్రేలిముద్రవలె ప్రతి పదార్థమునకును దానిదైన వర్ణపటము ఏర్పడుచున్నది.

గోలకొండ వజ్రముల పేరు లోకమెల్ల నెఱుగును. నిజాం కళాశాలనుండి వెడలిన ఈ యువకుడు 1930లో వజ్రమునందు రామన్ ఫలితమును పరిశోధించెను. మఱుసటి యేడు గురువుగారితో గూడి వెలుతురు కణమునకు భ్రమణగుణము కలదని ప్రయోగపూర్వకముగా చూపెను. లేజరు పుట్టినది 1960లో. నాడు పాదరసపు దీపము వెలిగించి, ఛాయాచిత్రపు పలకపై మసకగీత యొకటి తేలుటకు గంటల తరబడి కాచియుండవలసినదే.

1932లో వారు వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు చేరిరి. 1940లో కాంతి పరిక్షేపణమును, రామన్ ఫలితమును గూర్చి గ్రంథము ప్రకటించిరి. 1948లో వేంకటరాయుడుగారితో గూడి సమూహ గణితమును భౌతికశాస్త్రమునకు అన్వయించుచు మఱియొక గ్రంథమును వెలువరించిరి. అణువుయొక్క సౌష్ఠవమునుబట్టి వర్ణపటమున నెన్ని గీతలు రావలెనో ముందుగనే గణించుటకు ఈ పద్ధతి తోడ్పడును. గీతలనుబట్టి అణువు ఆకారమును ఊహించుటకును ఇదియే దారి.

తరువాత హైదరాబాదునకు మరలివచ్చి 1952 మొదలు 1957 వఱకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగను, పిమ్మట 1962 వఱకు బెంగుళూరు భారతీయ విజ్ఞానమందిరమునకు అధిపతిగను, 1961 నుండి 1969 వఱకు రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారుగను పనిచేసిరి. 1989 ఫిబ్రవరి 6వ తేదీని కీర్తిశేషులైరి.

1930లో వజ్రపు గీతను చూచినందువలన ఎవ్వరికిని కాసు లాభము కలుగలేదు. నేడో, మెదడునకు శస్త్రచికిత్స జరుగుచుండగనే వ్యాధిగ్రస్తమైన భాగమును ఆరోగ్యభాగమునుండి వేఱుపఱచుటకు వైద్యులు ఈ విధానమును ప్రయోగించి చూచుచున్నారు. విత్తిన తరము వేఱు, కోయు తరము వేఱు. మన పోషకులు విద్యార్థి వేతనము లొసగునపుడు వెంటనే ఉద్యోగమిచ్చు చదువులనే గాక, శుద్ధశాస్త్రమును కోరు బీదబాలురను, బాలికలను గూడ జ్ఞప్తియందుంచుకొందురుగాక యని ప్రార్థించుచున్నాము.