నథానియల్ డెట్: పాటపై హక్కు ఎవరిది?

1937 మే 7న అమెరికాలోని సిన్సినాటి నగరంలో జరిగిన మే సంగీతోత్సవంలో ఒక కొత్త రచన తొలిసారి వినిపించింది. భారీ గాయక బృందం, సింఫనీ వాద్యబృందం కలిసి ఈజిప్టు దాస్యం నుంచి తన జనాన్ని విడిపించిన మోషే కథను పాడుతున్నాయి. ఎన్‌బీసీ రేడియో దానిని దేశమంతటికీ ప్రత్యక్షంగా ప్రసారం చేస్తోంది. రచన దాదాపు ముప్పావు వంతు సాగాక, ముందే ఖరారైన కార్యక్రమాలు ఉన్నాయంటూ ప్రసారాన్ని నిలిపివేశారు. స్వరకర్త నల్లజాతీయుడు కావడంతో శ్రోతలు ఫిర్యాదు చేశారన్న అనుమానం నేటికీ సమసిపోలేదు. ఆ స్వరకర్త రాబర్ట్ నథానియల్ డెట్. రచన పేరు ‘ది ఆర్డరింగ్ ఆఫ్ మోజెస్’.

డెట్ 1882లో కెనడాలోని డ్రమండ్‌విల్‌లో జన్మించాడు. ఇప్పుడు నయాగరా ఫాల్స్ నగరంలో కలిసిపోయిన ఆ ఊరు అమెరికా బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చినవారికి ఆశ్రయమిచ్చిన ప్రాంతం. అమ్మమ్మ పాడే స్పిరిచ్యువల్స్, అంటే తోటల్లో బానిసలు పాడుకున్న భక్తిగీతాలు, బాల్యంలోనే అతని చెవిన పడ్డాయి. అయితే చర్చిలో వినే కీర్తనల ముందు అవి ఆ పిల్లవాడికి వింతగా తోచాయి. పీడితుల కళ పట్ల సమాజం చూపే చిన్నచూపు పీడితుల ఇళ్లలోకే ఎలా ప్రవేశిస్తుందో ఈ చిన్న విషయం చెబుతుంది.

ఒహాయోలోని ఓబర్లిన్ సంగీత కళాశాలలో చదువుతున్నప్పుడు ఒక తంత్రీవాద్య బృందం వాయించిన ద్వోర్జాక్ రచన విని డెట్ కదిలిపోయాడు. అందులోని విలంబిత భాగం అతనికి చనిపోయిన అమ్మమ్మ గొంతును గుర్తుకు తెచ్చింది. తన ఇంటి పాట విలువ ఒక యూరప్ స్వరకర్త ద్వారా తెలిసిరావడంలో వ్యంగ్యం ఉంది. కానీ ఆ గుర్తింపును డెట్ అక్కడితో వదిలిపెట్టలేదు. 1908లో పియానో, స్వరరచన ప్రధానాంశాలుగా సంగీత పట్టా పుచ్చుకున్నాడు. ఓబర్లిన్‌లో ఆ పట్టా పొందిన తొలి నల్లజాతీయుడు అతడే.

టెనెసీ, మిస్సోరీలలోని నల్లజాతి కళాశాలల్లో బోధించాక 1913లో వర్జీనియాలోని హాంప్టన్ విద్యాసంస్థలో చేరాడు. అదే ఏడాది పియానో కోసం రాసిన ‘ఇన్ ది బాటమ్స్’ వెలువడింది. అందులోని ‘జూబా’ నృత్యాన్ని పెర్సీ గ్రేంజర్ వంటి ప్రసిద్ధ పియానిస్టులు వేదికలపై వాయించారు. 1914లో ‘లిజన్ టు ది లాంబ్స్’ అనే బృందగానం వచ్చింది. స్పిరిచ్యువల్‌లోని ఒక మూలస్వరాన్ని తీసుకుని, దాన్ని అనేక గొంతుల పెద్ద నిర్మాణంగా పెంచడం డెట్ పద్ధతి. 1920లో హార్వర్డ్‌లో చదువుతూ బృందగాన రచనకు ఒక బహుమతి, నల్లజాతి సంగీత విముక్తిపై రాసిన వ్యాసానికి మరో బహుమతి గెలుచుకున్నాడు. తెల్లవారి వినోదం కోసం వికృతం చేసిన ఈ సంగీతం కళారూపంగా ఎదగాలన్నది అతని వాదం.

ఈ వాదానికి రెండు వైపులా చిక్కులు ఎదురయ్యాయి. హాంప్టన్ నిర్వహణ తెల్లవారి చేతుల్లో ఉండేది. విరాళాల కోసం, అతిథుల కోసం విద్యార్థులతో తోటపాటలు పాడించడం అక్కడి ఆనవాయితీ. 1927 అక్టోబరులో విద్యార్థులు తిరగబడ్డారు. ఆఫ్రికాలో బ్రిటిష్ వలస గవర్నరుగా పనిచేసిన అతిథి ముందు పాడటానికి నిరాకరించి, సమ్మెకు దిగారు. వారి నిరాకరణ ఆత్మగౌరవ ప్రకటన. ఎవరి ముందు, ఎవరి ఆజ్ఞపై పాడాలన్నదే వారి ప్రశ్న. మరోవైపు రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1934లో డెట్‌ను, అతని సాటి స్వరకర్తలను విమర్శించింది. కచేరీ కోసం మలిచిన పాటలు మంచి సంగీతమే కావచ్చు గానీ, జనం గుమిగూడి అప్పటికప్పుడు అల్లుకునే స్పిరిచ్యువల్స్ కావని ఆమె అభిప్రాయం.

హర్‌స్టన్ విమర్శలో నిజముంది. కానీ జనం పాటను జనం దగ్గరే ఉంచాలనే మాట పాలకుల నోట వస్తే దాని అర్థం మారిపోతుంది. 1925లో హాంప్టన్ సభామందిరంలో ఒక నృత్య ప్రదర్శనకు వచ్చిన తెల్ల మహిళకు నల్లవారి పక్కన సీటు దొరికింది. అది పెద్ద వివాదమైంది. 1926లో వర్జీనియా శాసనసభ బహిరంగ సభల్లో జాతులవారీగా వేరువేరు సీట్లు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. నల్లవారి పాట వినడానికి ఆసక్తి ఉన్న సమాజమే వారి పక్కన కూర్చోవడానికి ఒప్పుకోలేదు.

1928లో డెట్ బృందం న్యూయార్క్ కార్నెగీ హాలులో పాడింది. 1930లో ఏడు యూరప్ దేశాల్లో పర్యటించి ప్రశంసలందుకుంది. మరుసటి ఏడాదే హాంప్టన్ యాజమాన్యం అతని రాజీనామా కోరింది. యాభై ఏళ్ల వయసులో, 1932లో, డెట్ ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయంలో మాస్టర్స్ పట్టా అందుకున్నాడు. ఐదేళ్లకు సిన్సినాటి ప్రదర్శన వచ్చింది. తర్వాత నార్త్ కరోలినాలోని బెనెట్ మహిళా కళాశాలలో బోధించాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల కోసం పాడే మహిళా బృందంతో పర్యటిస్తూ 1943 అక్టోబరు 2న మిషిగన్‌లో గుండెపోటుతో మరణించాడు.

అమెరికా నల్లవారి చరిత్ర మనకు పరాయిది కాదు. 1873లో జోతిరావు ఫూలే తన ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకే అంకితమిచ్చాడు. కులమూ జాతీ ఒకటే అని చెప్పడం తొందరపాటు అవుతుంది. అయినా డెట్ జీవితం వేసే ప్రశ్న డప్పుకూ, చిందు యక్షగానానికీ వర్తిస్తుంది. వాటిని జానపదమని మెచ్చుకుంటూనే శాస్త్రీయమనే గడప బయట నిలబెట్టేవారు మన విశ్వవిద్యాలయాల్లోనూ ఉన్నారు. ఒక కళను యథాతథంగా కాపాడాలా, కొత్త రూపంలోకి మలచాలా అని తేల్చాల్సింది దాన్ని పుట్టించి బతికించిన సమాజమే. పాడటానికి నిరాకరించిన హాంప్టన్ విద్యార్థులూ, పాటను ఒరటోరియోగా పెంచిన వారి ఉపాధ్యాయుడూ ఆ ఒక్క హక్కునే రెండు దారుల్లో వినియోగించుకున్నారు.

2014 మే నెలలో సిన్సినాటి బృందాలు ‘ది ఆర్డరింగ్ ఆఫ్ మోజెస్’ను కార్నెగీ హాలులో ప్రదర్శించాయి. రేడియో మధ్యలో ఆపేసిన రచనను శ్రోతలు ఈసారి చివరిదాకా విన్నారు.