అస్సీసీ ఫ్రాన్సిస్

అస్సీసీ ఫ్రాన్సిస్ (1181 లేదా 1182 - అక్టోబరు 3, 1226) ఇటలీ దేశానికి చెందిన క్రైస్తవ సన్యాసి, బోధకుడు, కవి. ఫ్రాన్సిస్కన్ సన్యాసుల సంఘ స్థాపకుడు. సంపన్న వర్తకుని ఇంట పుట్టిన ఇతడు ఆస్తిని, వారసత్వాన్ని వదులుకొని, క్రీస్తు తన శిష్యులకు చెప్పిన మాటలను అక్షరాలా ఆచరించడానికి పూనుకున్నాడు. మనిషికి నిజమైన ఆనందం ఆ ఆచరణలోనే దొరుకుతుందని నమ్మాడు. క్రైస్తవ లోకంలో అత్యంత ప్రసిద్ధి చెందిన పునీతులలో ఇతడు ఒకడు.

బాల్యం, యౌవనం

ఫ్రాన్సిస్ మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో, అస్సీసీ పట్టణంలో జన్మించాడు. తండ్రి పియెత్రో ది బెర్నార్దోనె పేరున్న వస్త్ర వ్యాపారి. తల్లి పేరు పికా. బాప్తిస్మంలో ఇతనికి జొవాన్ని అని పేరు పెట్టారు. ఆ సమయంలో వ్యాపారం మీద ఫ్రాన్సు దేశంలో ఉన్న తండ్రి, తిరిగి వచ్చాక ఫ్రాంచెస్కో అని పిలిచాడు. ఆ పేరే నిలిచిపోయింది.

యౌవనంలో ఇతడు తండ్రి దుకాణంలో పనిచేస్తూ, స్నేహితులతో విందు వినోదాలలో ధనాన్ని ధారాళంగా ఖర్చు చేసేవాడు. గొప్ప యోధుడు కావాలన్నది ఇతని కోరిక. 1202లో పొరుగున ఉన్న పెరూజియా నగరంతో జరిగిన యుద్ధంలో పట్టుబడి, దాదాపు ఒక సంవత్సరం చెరలో ఉన్నాడు. విడుదలైన తరువాత చాలాకాలం జబ్బుపడ్డాడు. కోలుకున్నాక మళ్ళీ యుద్ధానికి బయలుదేరినా, స్పొలేటో వరకు వెళ్ళి వెనుదిరిగాడు. అప్పటినుండి పాత వినోదాలు ఇతనికి రుచించలేదు.

పరివర్తన

ఫ్రాన్సిస్ చివరి రోజులలో చెప్పి వ్రాయించిన వీలునామాలో, తన మార్పు కుష్ఠరోగుల వద్ద మొదలయిందని పేర్కొన్నాడు. అంతకుముందు వారిని చూడడమే అతనికి దుర్భరంగా ఉండేది. వారి మధ్యకు వెళ్ళి సేవ చేసిన తరువాత, చేదుగా తోచినదే మనసుకు, శరీరానికి తీపిగా మారిందని తెలిపాడు. తరువాతి జీవితమంతటికీ ఈ అనుభవమే పునాది.

ఆ రోజులలోనే, శిథిలమైన సాన్ దమియానో చర్చిలో ప్రార్థన చేస్తుండగా, తన ఆలయాన్ని బాగుచేయమని సిలువ మీది క్రీస్తు ఆజ్ఞాపించినట్లు ఇతనికి అనిపించిందని జీవిత చరిత్రకారులు వ్రాశారు. ఇతడు తండ్రి దుకాణంలోని బట్టలను, గుర్రాన్ని ఫొలీన్యోలో అమ్మి, ఆ సొమ్మును చర్చి మరమ్మత్తుకు ఇవ్వబోయాడు. తండ్రి ఆగ్రహించి కొడుకును బిషప్పు ఎదుటికి తీసుకువెళ్ళాడు. 1206లో జరిగిన ఆ విచారణలో ఫ్రాన్సిస్ సొమ్ముతో పాటు ఒంటిమీది దుస్తులను కూడా తండ్రికి తిరిగి ఇచ్చివేసి, ఇకపై పరలోకంలో ఉన్న దేవుడే తనకు తండ్రి అని ప్రకటించాడు. బిషప్పు తన వస్త్రాన్ని అతనికి కప్పాడు. తండ్రీకొడుకుల మధ్య తిరిగి సఖ్యత కుదిరినట్లు ఆధారాలు లేవు.

సువార్త జీవనం

తరువాత సుమారు రెండేళ్ళు ఇతడు ఒంటరిగా తిరుగుతూ, పాడుబడిన చర్చిలను స్వయంగా రాళ్ళు మోసి బాగుచేశాడు. ఒకనాడు పోర్జియుంకులా అనే చిన్న చర్చిలో మత్తయి సువార్త 10వ అధ్యాయం చదవగా విన్నాడు. బంగారం, వెండి, జోలె, రెండవ అంగీ, చెప్పులు, చేతికర్ర ఏవీ లేకుండా వెళ్ళి దేవుని రాజ్యాన్ని ప్రకటించమని క్రీస్తు శిష్యులకు చెప్పిన ఘట్టం అది. తాను వెదకుతున్నది ఇదేనని ఫ్రాన్సిస్ సంతోషించాడు. వెంటనే చెప్పులు, కర్ర వదిలి, ముతక అంగీ ధరించి, నడుముకు తాడు కట్టుకున్నాడు.

అస్సీసీకి చెందిన ధనికుడు బెర్నార్డ్ ఇతనితో చేరాలని కోరినప్పుడు, ఇద్దరూ చర్చికి వెళ్ళి సువార్త గ్రంథాన్ని మూడుసార్లు తెరచి చూశారని చెబుతారు. ఆస్తి అమ్మి పేదలకు ఇవ్వాలని, ప్రయాణానికి ఏమీ తీసుకుపోరాదని, తన్ను తాను ఉపేక్షించుకొని సిలువ ఎత్తుకోవాలని చెప్పే వాక్యాలు వచ్చాయి. బెర్నార్డ్ తన ఆస్తిని పేదలకు పంచివేశాడు. ఫ్రాన్సిస్‌తో కలిపి పన్నెండుమంది అయ్యాక, సంప్రదాయం ప్రకారం 1209లో, వారు రోమ్ నగరానికి వెళ్ళారు. మూడవ ఇన్నోసెంట్ పోపు వారి జీవన విధానాన్ని నోటిమాటగా అంగీకరించాడు. వారు తమను చిన్న సోదరులని పిలుచుకున్నారు. కూలిపని చేసి ఆహారం సంపాదించేవారు, పని దొరకకపోతే భిక్షమెత్తేవారు, డబ్బు మాత్రం ముట్టేవారు కాదు. 1212లో అస్సీసీ యువతి క్లారా ఇతని మార్గాన్ని అనుసరించగా, స్త్రీలకు ప్రత్యేక సంఘం ఏర్పడింది.

సంపూర్ణానందం

ఆనందం గురించి ఫ్రాన్సిస్ ఆలోచనను సోదరుడు లియోకు చెప్పిన ఒక దృష్టాంతం స్పష్టం చేస్తుంది. గొప్ప పండితులు, రాజులు సంఘంలో చేరినా, అన్యులందరూ విశ్వాసులుగా మారినా, తనకు రోగులను బాగుచేసే శక్తి వచ్చినా అది సంపూర్ణానందం కాదని అతడు చెప్పాడు. చలికాలపు రాత్రి, తడిసి, గడ్డకట్టిన కాళ్ళతో సొంత మఠానికి చేరినప్పుడు, తలుపు తీసేవాడు గుర్తించక పొమ్మని కసిరితే, అప్పుడు కూడా కోపం లేక ఓర్చుకోగలగడమే సంపూర్ణానందమని వివరించాడు. ఆనందం గౌరవం మీద గాని విజయం మీద గాని ఆధారపడితే, వాటితోనే పోతుందని దీని సారాంశం.

ఈజిప్టు ప్రయాణం

1219లో ఐదవ క్రూసేడు జరుగుతుండగా ఫ్రాన్సిస్ ఈజిప్టులోని దమియెట్టాకు వెళ్ళాడు. ఆయుధం లేకుండా యుద్ధరేఖ దాటి సుల్తాన్ అల్ కామిల్‌ను కలుసుకొని తన విశ్వాసాన్ని తెలిపాడు. సుల్తాను మతం మారలేదు, యుద్ధమూ ఆగలేదు. అయినా అతడు ఫ్రాన్సిస్‌ను మర్యాదగా ఆదరించి క్షేమంగా తిరిగి పంపాడు.

చివరి సంవత్సరాలు

అప్పటికి సోదరులు వేల సంఖ్యకు చేరారు. పన్నెండుమందికి సాధ్యమైన నిరాడంబరత అంత పెద్ద సంఘానికి కష్టమయింది. ఇళ్ళు, పుస్తకాలు, చదువు కావాలని కొందరు కోరారు. 1220లో ఫ్రాన్సిస్ సంఘ పరిపాలన నుండి తప్పుకున్నాడు. ఇతడు 1221లో వ్రాసిన నియమావళికి ఆమోదం లభించలేదు. దానికంటె క్లుప్తమైన నియమావళిని 1223 నవంబరు 29న మూడవ హొనోరియస్ పోపు ఆమోదించాడు. అదే సంవత్సరం క్రిస్మస్‌నాడు గ్రెచ్చో గ్రామంలో పశువుల తొట్టి, ఎద్దు, గాడిదలతో క్రీస్తు జనన దృశ్యాన్ని ఏర్పాటు చేశాడు.

1224లో లా వెర్నా కొండపై ప్రార్థనలో ఉండగా, క్రీస్తు పంచగాయాలు ఇతని శరీరంపై కనిపించాయని సంప్రదాయం చెబుతుంది. కంటి జబ్బు వల్ల చూపు దాదాపు పోయింది. వైద్యులు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టినా ఫలితం లేకపోయింది. ఆ బాధలోనే 1225లో ఉంబ్రియా ప్రజల భాషలో సూర్యగీతాన్ని రచించాడు. ఇటాలియన్ సాహిత్యంలోని తొలి కవితలలో ఇది ఒకటి. సూర్యుడిని, గాలిని, అగ్నిని సోదరులుగా, చంద్రుడిని, నీటిని సోదరీమణులుగా పేర్కొంటూ సాగే ఈ గీతానికి, అస్సీసీ బిషప్పు, నగరాధికారి కలహించినప్పుడు క్షమను గూర్చిన చరణాన్ని, మరణానికి ముందు మృత్యువును సోదరిగా పిలిచే చరణాన్ని చేర్చాడు.

1226 అక్టోబరు 3 సాయంకాలం పోర్జియుంకులాలో, తన కోరిక మేరకు కటిక నేలపై పడుకొని మరణించాడు.

మరణానంతరం

1228 జూలై 16న తొమ్మిదవ గ్రెగరీ పోపు ఇతన్ని పునీతుడిగా ప్రకటించాడు. పేదరికాన్ని ఎంతవరకు పాటించాలన్న వివాదం సంఘంలో శతాబ్దాలపాటు సాగి, 1517లో సంఘం రెండుగా చీలిపోయింది. 1939లో ఇతడు ఇటలీకి, 1979లో పర్యావరణ పరిరక్షణకు పాలక పునీతుడిగా ప్రకటించబడ్డాడు. 2013లో ఎన్నికైన పోపు ఇతని పేరును స్వీకరించాడు. పండుగ దినం అక్టోబరు 4.

శాంతి సాధనంగా తన్ను మలచుమని దేవుని కోరే ప్రసిద్ధ ప్రార్థన ఇతని పేరుతో ప్రచారంలో ఉంది. కాని అది 1912లో ఒక ఫ్రెంచి పత్రికలో రచయిత పేరు లేకుండా మొదట అచ్చయింది. ఇతని రచనలలో అది కనిపించదు.