ఆస్వాల్డ్ కూల్డ్రే

ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే (1882 - 1958) ఆంగ్ల కవి, రచయిత, చిత్రకారుడు, ఉపాధ్యాయుడు. ఇంగ్లండు నుండి వచ్చి 1909 నుండి 1919 వరకు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. ఆంగ్ల సాహిత్యం చెప్పడానికి వచ్చిన ఈయన పేరు తెలుగునాట నిలిచింది మాత్రం ఆధునిక చిత్రకళా చరిత్రలో. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం, కవికొండల వెంకటరావు ఈయన ప్రోత్సాహంతో ఎదిగినవారు. వారి తరం ఈయనను కూల్డ్రే దొరగా ఎరుగును.

బాల్యము, విద్య

కూల్డ్రే 1882లో థేమ్స్ నది ఒడ్డునున్న అబింగ్డన్ పట్టణంలో జన్మించాడు. అప్పట్లో ఈ ఊరు బెర్క్‌షైర్ కౌంటీలో ఉండేది. 1974 నుండి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్నది. అబింగ్డన్ పాఠశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కళాశాలలో చేరాడు. ఈ పాఠశాలకూ ఈ కళాశాలకూ పాత అనుబంధం ఉన్నది. 1624లో పెంబ్రోక్ ఏర్పడడానికి కారణమైన విరాళాలలో ఒకటి అబింగ్డన్ పాఠశాల పూర్వ విద్యార్థి థామస్ టెస్‌డేల్‌ది. ఆ ఊరి పిల్లలు పెంబ్రోక్‌కు వెళ్ళడం అందువల్ల ఆనవాయితీగా ఉండేది.

ఉద్యోగ నేపథ్యం

ఆ కాలంలో ఇంగ్లండులో చదువు పూర్తిచేసుకున్న యువకులకు ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసు ఒక ఉద్యోగ మార్గం. 1896 నాటి సంస్కరణలతో రూపుదిద్దుకున్న ఈ సర్వీసుకు నియామకాలు ఇంగ్లండులోనే జరిగేవి. భారతీయులకు దక్కేవి చాలావరకు ప్రొవిన్షియల్ సర్వీసు పదవులు, వాటి జీతాలు తక్కువ. ఒకే కళాశాలలో, ఒకే విధమైన పాఠాలు చెప్పే ఇద్దరి మధ్య ఇంత వ్యత్యాసం ఉండడం ఎన్నో ఏళ్ళు భారతీయ ఉపాధ్యాయుల మనసుల్లో ములుకులా నిలిచింది. కూల్డ్రే ఈ వ్యవస్థలో పై మెట్టున ఉన్నవాడు. ఆయన వ్యక్తిగతంగా ఎంత స్నేహశీలి అయినా, సుమారు ఇరవయ్యేడేళ్ళ వయసులో ఒక పేరున్న కళాశాలకు ప్రిన్సిపాలు కావడం ఆ మెట్టు వలన సాధ్యమైనదే.

రాజమండ్రి విద్యాసంస్థ 1853లో పాఠశాలగా మొదలై 1873లో కళాశాల అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడేవరకు గోదావరి జిల్లాలు, ఉత్తర సర్కారులు అన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోనివే. విశాఖపట్నం వన్ టౌన్‌లోని ఎ.వి.ఎన్. కళాశాల, కాకినాడ పిఠాపురం రాజా కళాశాల, విజయనగరం మహారాజా కళాశాల, రాజమండ్రి ప్రభుత్వ కళాశాల, అన్నింటిలోనూ పాఠాలూ పరీక్షలూ ఇంగ్లీషులోనే సాగేవి. చరిత్ర చదివినా గణితం చదివినా ఇంగ్లీషు గట్టెక్కనిదే పట్టా లేదు. ఇంట్లో తెలుగు, వీధిబడిలో అమరకోశం, బాలరామాయణం చదివివచ్చిన పిల్లవాడు కళాశాలలో షేక్స్‌పియర్ నాటకాన్ని ఎదుర్కోవలసి వచ్చేది. చాలామందికి అది అర్థం చేసుకునే విషయం కాదు, కంఠస్థం చేసే విషయం.

కూల్డ్రే వచ్చేనాటికి రాజమండ్రి వాతావరణం ప్రశాంతంగా లేదు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ ఆ ఊరిలో ఉపన్యసించాడు. ఆ వందేమాతరం రోజుల్లోనే ప్రభుత్వ ట్రెయినింగ్ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావును ప్రిన్సిపాలు మార్క్ హంటర్ బహిష్కరించాడు. దొర ప్రిన్సిపాలు అనగానే విద్యార్థులకు గుర్తుకువచ్చేది ఆ బహిష్కరణే. అది జరిగిన రెండేళ్ళకు కూల్డ్రే ఆ ఊరికి వచ్చాడు.

రాజమండ్రిలో

కూల్డ్రేను ఆకట్టుకున్నది మొదట గోదావరి. అబింగ్డన్ వద్ద థేమ్స్ ఒడ్డునుండి ఒడ్డుకు కేకవేస్తే వినబడేంత నది. రాజమండ్రి వద్ద 1900లో పూర్తయిన హేవ్‌లాక్ వంతెనకు 56 ఖానాలు ఉండగా, పొడవు మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. కవిత్వమూ నీటిరంగుల చిత్రరచనా రెండూ అలవాటున్న ఆయన ఈ నదినీ, రేవులనూ, పడవలనూ, ఎగువన కనబడే తూర్పు కనుమలనూ బొమ్మలుగా, పద్యాలుగా మలిచాడు. తరువాతి కాలంలో తన కవితా సంపుటికి రెండు నదుల పేర్లనూ కలిపి పెట్టుకోవడంలోనే ఆయన మనసు తెలుస్తుంది.

తరగతి గది బయట ఆయన విద్యార్థులతో గడిపిన తీరే ఆయనను ఇతర దొరలనుండి వేరుచేసింది. అప్పటి యూరోపియన్ అధికారులకు సాయంకాలాలు క్లబ్బులో గడవడం రివాజు. కూల్డ్రే తన చుట్టూ కవిత్వం రాసే పిల్లలనూ, బొమ్మలు గీసే పిల్లలనూ చేర్చుకున్నాడు. వారికి యూరోపియన్ చిత్రకళను పరిచయం చేస్తూనే, అజంతా వంటి స్వదేశీ సంపద వైపు దృష్టి మళ్ళించాడు. చూసిన దృశ్యాన్ని చూసినట్లు గీయడం, కాగితం పట్టుకుని ఆరుబయటకు పోవడం వారికి అలవాటు చేశాడు. ఊరిలో పటాలంటే రవివర్మ అచ్చు బొమ్మలుగా చలామణి అవుతున్న రోజులవి. గోదావరి గట్టు కూడా బొమ్మకు తగిన వస్తువే అనడం ఆ పిల్లలకు కొత్త సంగతి.

ఇదే దశాబ్దంలో ఉత్తర సర్కారులలో మరొక ఆంగ్ల విద్యాధికారి ప్రభావం కూడా చెప్పుకోదగినది. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా విశాఖపట్నం ప్రాంతంలో పనిచేసిన జె.ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఉన్న అంతరాన్ని ప్రశ్నించి, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారుల వ్యావహారిక భాషా కృషికి తోడ్పడ్డాడు. యేట్స్ అడిగింది భాష గురించి, కూల్డ్రే చూపించింది బొమ్మల గురించి. ఇద్దరూ చేసినది మాత్రం దగ్గరి పనే. ఎదుట ఉన్నదానిని వదిలి గ్రంథంలో ఉన్నదానిని అనుకరించడం దేనికని వారు సందేహించారు. ఆ సందేహాలను ఉద్యమాలుగా, చిత్రాలుగా మార్చినవారు తెలుగువారే.

కూల్డ్రే ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలోనే సర్వేపల్లి రాధాకృష్ణన్ 1917లో తత్త్వశాస్త్ర ఉపన్యాసకుడుగా ఈ కళాశాలకు బదిలీపై వచ్చి, 1918లో మైసూరు వెళ్ళాడు.

దామెర్ల రామారావు

కూల్డ్రే శిష్యులలో ఆయన పేరును అందరికంటే ఎక్కువగా నిలిపినవాడు దామెర్ల రామారావు. 1897లో రాజమండ్రిలో పుట్టిన రామారావు చదువు మీదకంటే బొమ్మల మీద మనసున్న కుర్రవాడు. బొమ్మలు గీసి బతకవచ్చునని మధ్యతరగతి ఇళ్ళలో ఎవరూ నమ్మని రోజులు. పిల్లవాడు ప్లీడరో, తాలూకా కచేరీలో గుమాస్తానో అయితే చాలునని అనుకునేవారు. అటువంటి కాలంలో, డిగ్రీలు ఇప్పించడమే వృత్తిగా గల కళాశాల అధిపతి ఒక కుర్రవాడిని ఆ దారి తప్పించి చిత్రకళకు పంపడం సాహసమే. కూల్డ్రే ప్రోత్సాహంతో, ధన సహాయంతో రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరాడు. అప్పుడు దానికి సెసిల్ బర్న్స్ ప్రిన్సిపాలు.

బొంబాయి చదువు ముగించి రామారావు తిరిగివచ్చేనాటికి కూల్డ్రే దేశం విడిచి వెళ్ళాడు. 1920ల తొలి సంవత్సరాలలో రామారావు రాజమండ్రిలో చిత్రకళాశాల స్థాపించి, వరదా వెంకటరత్నం మొదలైన మిత్రులతో నడిపాడు. అప్పుడు దేశమంతా ఆదరణలో ఉన్న బెంగాలు శైలిని ఆయన అనుసరించలేదు. పాశ్చాత్య శిక్షణలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానాన్నీ, అజంతా రేఖనూ కలుపుకుని, తెలుగు పల్లె మనుషులనూ గోదావరి కనుమలనూ గీశాడు. భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి రామారావు మరణించాడు. వయసు 28 ఏళ్ళు నిండలేదు. శిక్షణ ముగిసిన తరువాత ఆయనకు దక్కినవి అయిదేళ్ళు మాత్రమే. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో భద్రపరచబడ్డాయి. ఆ సంస్థను రామారావు తరువాత చాలాకాలం కాపాడినవాడు వరదా వెంకటరత్నం.

ఇతర శిష్యులు

అడివి బాపిరాజు (1895 - 1952) కూల్డ్రే వద్ద ఆంగ్ల సాహిత్యం చదివాడు. కవిత్వానికీ చిత్రలేఖనానికీ కూడా ఆయన గురుత్వాన్ని చెప్పుకున్నాడు. అయితే బాపిరాజు చిత్రకళా శిక్షణ రామారావు దారిలో సాగలేదు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ వద్ద బెంగాలు పద్ధతి నేర్చుకున్నాడు. నారాయణరావు నవలకు 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలుతో పంచుకున్నాడు. హిమబిందు, గోన గన్నారెడ్డి నవలలలో శిల్పాలు, ఆభరణాలు, రంగుల వర్ణన చూసినవారికి ఆ రచయిత చేతిలో కుంచె కూడా ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు. కవికొండల వెంకటరావు మాత్రం బొమ్మల వైపు కాక పాట, కథల వైపు వెళ్ళాడు.

కూల్డ్రేను ఆంధ్ర చిత్రకళకు మూలపురుషుడని కొన్ని రచనలలో వ్రాయడం కద్దు. ఇది కొంత అతిశయోక్తి. ఆయన చిత్రకళా బోధకుడు కాదు. శిక్షణ ఇచ్చినది బొంబాయి, మచిలీపట్నం సంస్థలు. శైలిని సృష్టించినది రామారావు. ఒకే గురువు శిష్యులైన రామారావు, బాపిరాజు రెండు వేర్వేరు మార్గాలు పట్టడమే కూల్డ్రే ఏ ఒక్క శైలినీ బోధించలేదనడానికి సాక్ష్యం. ఆయన పాత్ర ప్రతిభను గుర్తించడంలో, ఇంటివారు వద్దన్న దారికి ఒక ప్రిన్సిపాలు మాట బలాన్ని ఇవ్వడంలో ఉన్నది. ఆ బలంలో దొరతనం పాలు కూడా లేకపోలేదు. అదే మాట ఒక తెలుగు మాస్టారు చెబితే ఎందరు తల్లిదండ్రులు వినేవారో ఊహించవచ్చు.

వినికిడి లోపం, పదవీ విరమణ

ఉపాధ్యాయుడికి గొంతు ఎంత అవసరమో చెవి అంత అవసరం, అందులోనూ పరాయి భాష నేర్పేవాడికి. విద్యార్థి ఉచ్చారణ వినాలి, వెనుక బల్లనుండి వచ్చిన ప్రశ్న అందుకోవాలి. ప్రిన్సిపాలు అయినవాడు సహోద్యోగుల, పైఅధికారుల మాటలు కూడా పట్టుకోవాలి. కూల్డ్రేకు వినికిడి క్రమంగా క్షీణించింది. ఈ కారణంగానే 1919లో, నలభై ఏళ్ళు రాకముందే ఉద్యోగం విడిచి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఆ ఏడాది మే నెలలోనే రాజమండ్రికి పేరు తెచ్చిన కందుకూరి వీరేశలింగం కూడా కన్నుమూశాడు.

రచనలు

భారతదేశంలో ఉండగానే 1914లో ది మిస్టేకెన్ ఫ్యూరీ అండ్ అదర్ లాప్సెస్ అనే పుస్తకం వెలువరించాడు. స్వదేశం వెళ్ళిన మరుసటి ఏడాది 1920లో థేమ్స్ అండ్ గోదావరి కవితలు వచ్చాయి. వీటన్నిటిలో తెలుగు పాఠకులకు ఎక్కువ ఉపయోగపడేది 1924లో లండన్‌లో అచ్చయిన సౌత్ ఇండియన్ అవర్స్. ఇది దక్షిణ భారత జీవితం గురించిన వ్యాసాల పుస్తకం, ఇందులోని చిత్రాలు కూడా ఆయన గీసినవే. పరిపాలకుడి నివేదికలా కాక, ఊరిలో తిరిగి చూసిన మనిషి జ్ఞాపకాలలా సాగుతుంది. ఆనాటి ఆంగ్లేయుల సహజ ధోరణులు ఇందులో అక్కడక్కడ తొంగిచూడకపోవు. అయినా ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల రాజమండ్రి పరిసరాలను ఇంత ఇష్టంగా చూసిన ఆంగ్ల గ్రంథాలు అరుదు.

తరువాత పాతికేళ్ళకు ది ఫాంటమ్ వాటర్‌ఫాల్ (1949), సానెట్స్ ఆఫ్ ఈస్ట్ అండ్ వెస్ట్ (1951) వెలువడ్డాయి. రాజమండ్రి విడిచి మూడు దశాబ్దాలు దాటినా, భారతదేశం స్వతంత్రమైనా, ఆయన సానెట్ల పుస్తకం పేరులో తూర్పు దిక్కు ముందే నిలిచింది. ఏభై ఏళ్ళ పద్యాలను కూర్చిన వర్సెస్ ఓవర్ ఫిఫ్టీ ఇయర్స్ 1958లో వచ్చింది. ఆ సంవత్సరమే కూల్డ్రే మరణించాడు. అప్పటికి రామారావు పోయి 33 ఏళ్ళు, బాపిరాజు పోయి ఆరేళ్ళు అయింది. వరదా వెంకటరత్నం, కవికొండల వెంకటరావు ఇంకా జీవించి ఉన్నారు.