కవిగారి ఉద్యోగం లైబ్రరీలో

సెమినార్ పేపర్ కోసం విశాఖలో ఏయూ లైబ్రరీకి వెళ్లేవాళ్లలో అబ్బూరి రామకృష్ణారావు పేరు ఎంతమంది విన్నారో! విన్నా కవిగానే. ‘మల్లికాంబ’ రాసిన భావకవి. 1896లో గుంటూరు జిల్లాలో పుట్టారు.

ఉద్యోగం మాత్రం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్. ఆయన హయాంలోనే, 1935లో, అక్కడ లైబ్రరీ సైన్స్ కోర్సు మొదలైంది. అప్పటికి దేశంలో ఆ చదువు చెప్పే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పుస్తకాలకు నంబర్లు వేయడం గుమాస్తా పని అనుకుంటాం గానీ, పుస్తకం దేని గురించో తెలియనిదే నంబరు పడదు. టాపిక్ తప్ప రచయిత పేరు తెలియని విద్యార్థికి ఆ నంబరే దిక్కు. కంప్యూటర్‌లో వెతికినా చివరికి అదే పట్టుకుని బీరువా దగ్గరికి వెళ్లాలి కదా!

1942 ఏప్రిల్‌లో విశాఖపై జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది, తర్వాత తిరిగొచ్చింది. అబ్బూరి నాటకాలు, ఎం.ఎన్. రాయ్ రాజకీయాలు కూడా వదల్లేదు. 1979లో కన్నుమూశారు. కోడలు, కథకురాలు అబ్బూరి ఛాయాదేవి కూడా ఈ వృత్తే ఎంచుకున్నారు. ఢిల్లీలో జేఎన్‌యూ లైబ్రరీలో పనిచేశారు.